రెండు శ్లాబుల మధ్య చలికాలం: పలమనేరు ఇంటి కరెంటు బిల్లు

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు బెంగళూరులో ఉద్యోగం. పలమనేరులో పదేళ్ల కిందట కట్టిన ఇల్లు. కింది భాగం అద్దెకు ఇచ్చి మేడ మీద అమ్మానాన్న, అన్నావదినలు, ఇద్దరు పిల్లలు ఉంటున్నారు. మామూలు నెలల్లో 140 యూనిట్లు కాలే ఇంట్లో జనవరిలో 310 కాలింది. బిల్లు మూడు రెట్లు దాటింది. అమ్మానాన్నల గదిలో రెండు వేల వాట్ల ఫ్యాన్ హీటరు ఉంది, రాత్రి ఒక గంట, తెల్లవారుజామున అరగంట వేస్తున్నారు. బాత్‌రూమ్‌లో 25 లీటర్ల గీజరు. నీళ్లు సొంత బోరువే. ఇప్పుడు ఆయిల్ హీటరు కొనాలా, వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ పెట్టించాలా, ఏకంగా మిద్దె మీద సోలార్ వేయించాలా అని అడిగారు.

ఈ మూడింట్లో ఏదీ ఇప్పుడే కొనకండి. ఎందుకో వివరంగా చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

నాది చిత్తూరు. ఇళ్లు కట్టించే పనిలో 27 ఏళ్లుగా ఉన్నాను. బంగారుపాళెం మొదలుకొని కుప్పం దాకా పని చేశాను. చిత్తూరు నుంచి బండి మీద బయలుదేరి మొగిలి ఘాట్ ఎక్కుతుంటేనే చెవులకు చలి తగులుతుంది. పలమనేరు చిత్తూరు కంటే సుమారు వెయ్యి అడుగులు ఎత్తున ఉంది. పేదల ఊటీ అని ఊరికే అనలేదు. కానీ చిత్తూరులో, తిరుపతిలో ఇల్లు ఎలా కడతామో అక్కడా అలాగే కడుతున్నాం. ఎండ కోసం ఆలోచించేవాళ్లయినా కొందరున్నారు, చలి కోసం ఆలోచించి కట్టినవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను. నేనూ మొదట్లో ఆలోచించలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు బిల్లు చూద్దాం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం, అంటే యూనిట్లు పెరిగేకొద్దీ పెరిగే రేట్ల మెట్ల ప్రకారం, ఇంటి కనెక్షన్‌కు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. చాలామంది ఒక శ్లాబు దాటితే మొత్తం యూనిట్లకూ ఎక్కువ రేటు పడుతుందని టెన్షన్ పడతారు. అలా పడదు, దాటిన యూనిట్లకే పడుతుంది. ఈ లెక్కన 140 యూనిట్లకు 507 రూపాయలు. 310 యూనిట్లకు 1,761. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు ఇందులో కలపలేదు. యూనిట్లు రెండింతలు దాటితే డబ్బు మూడున్నర రెట్లు అయింది.

దీన్నే తిరగేసి చూడండి. చలికాలంలో అదనంగా కాలుతున్నది 170 యూనిట్లు. అందులో పై సగం, అంటే 225 దాటిన 85 యూనిట్లు, ఒక్కొక్కటి 8.75 చొప్పున 744 రూపాయలు. ఆ సగం ఆపగలిగితే పెరిగిన డబ్బులో దాదాపు 60 శాతం మిగులుతుంది. అందుకే మీ ఇంట్లో 310ని 140కి దించాల్సిన పని లేదు. 225కు దించితే అసలు భారం పోయినట్టే. అది కొత్త మిషన్ ఏదీ కొనకుండా అయ్యే పని.

ఆ 170 యూనిట్లు ఎక్కడ పోతున్నాయి? మీరు ప్రశ్నంతా హీటరు గురించే రాశారు. హీటరు లెక్క తేలిక. రెండు కిలోవాట్లు, రోజుకు గంటన్నర, మూడు యూనిట్లు. నెలలో 25 రాత్రులు వేస్తే 75 యూనిట్లు. మిగిలిన 95 ఏమిటి? అది స్నానాల నీళ్లు. మీ బిల్లులో హీటరు కంటే గీజరే పెద్దది. ఈ ప్రాంతంలో నేను చూసిన ఇళ్లలో సగానికి పైగా ఇదే కథ. హీటరు కళ్ల ముందు ఎర్రగా కాలుతుంటుంది కాబట్టి దాని మీద అనుమానం వస్తుంది. గీజరు గోడకు అతుక్కుని మౌనంగా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 వాట్ అవర్లు కావాలి. ఈ లెక్క మారదు, ఏ కంపెనీ గీజరైనా ఇంతే. మనిషి స్నానానికి 20 లీటర్ల బకెట్, 40 డిగ్రీల వేడి అనుకుందాం. జనవరి తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు 17 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంటే 23 డిగ్రీలు పెంచాలి. బకెట్‌కు అర యూనిట్ పైమాటే. ఆరుగురికి రోజుకు 3.2 యూనిట్లు, నెలకు 96. మీ లెక్కలో తేలని 95 యూనిట్లు ఇవే.

ఇప్పుడు ఒక్క రూపాయి ఖర్చు లేని పని చెప్తాను. ఈ జవాబులో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. మీ వాళ్లు ట్యాంకు ఎప్పుడు నింపుతున్నారు? సాయంత్రం నింపి ఉంటారు, చాలా ఇళ్లలో అదే అలవాటు. చలికాలంలో పొద్దున్నే బోరు వేస్తే నీళ్లు గోరువెచ్చగా, పొగలు వస్తూ పడతాయి, చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. భూమి లోపలి నీటికి ఏడాదంతా దాదాపు ఒకే వేడి, మన దగ్గర 25 డిగ్రీల అటూ ఇటూ. ఆ నీటిని సాయంత్రం తెచ్చి, రాత్రంతా ఆరుబయట ఆకాశం కింద ప్లాస్టిక్ ట్యాంకులో ఆరబెట్టి, 17 డిగ్రీలకు దించి, పొద్దున్నే డబ్బు పెట్టి మళ్లీ వేడి చేస్తున్నాం. అదే నీటిని పొద్దున ఐదింటికి, స్నానాలకు ముందు నింపితే 25 నుంచి 40కి పెంచితే చాలు. 23 డిగ్రీల పని 15 డిగ్రీలకు వచ్చింది. రోజుకు ఒక యూనిట్ పైగా మిగులుతుంది, నెలకు ముప్పై యూనిట్ల పైన. అన్నగారికి చెప్పండి, రాత్రికి ట్యాంకులో నీళ్లు అడుగంటేలా చూసుకుని, అలారం పెట్టుకుని పొద్దున్నే మోటారు వేయమనండి. ట్యాంకు పెద్దదైతే పాత నీళ్లలో కొత్త నీళ్లు కలిసి లాభం తగ్గుతుంది, అందుకే అడుగంటాలి అంటున్నాను. మోటారు సాయంత్రం వేసినా పొద్దున వేసినా దానికి కాలే కరెంటు అంతే.

గీజరు సంగతి. నీళ్లు ఎంత వేడెక్కాలో నిర్ణయించే థర్మోస్టాట్ నాబ్ చూడండి. చాలా ఇళ్లలో అది చివరిదాకా తిప్పి ఉంటుంది. 70 డిగ్రీలకు కాచి, మళ్లీ చన్నీళ్లు కలుపుకుంటారు. స్నానానికి వాడే వేడి రెండు విధాలా ఒకటే. కానీ ట్యాంకు ఎంత ఎక్కువ వేడిగా ఉంటే గోడలకూ గాలికీ అంత ఎక్కువ పోతుంది, సున్నం పొర కూడా త్వరగా కడుతుంది. 50 దగ్గర పెట్టండి. రెండు కిలోవాట్ల గీజరు 25 లీటర్లను 18 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి అరగంట లోపే పడుతుంది. కాబట్టి రాత్రి స్విచ్ వేసి ఉంచే పని అసలే లేదు. గీజరు మీద ఉండే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) నక్షత్రాలు చెప్పేది కూడా ఈ సంగతే, నీళ్లు వాడకుండా ఊరికే ఉంచితే 24 గంటల్లో ఎంత కరెంటు వృథా అవుతుందన్నది. స్నానాలు ఒకరి వెనుక ఒకరు చేసేయాలి. గంటకొకరు చేస్తే పైపులో నిలిచిన వేడి నీళ్లు ప్రతిసారీ చల్లారిపోతాయి, ఆ చల్లారినవి పారబోసి మళ్లీ వేడివి లాగుతారు. గీజరు నుంచి కొళాయి దాకా పైపు పొడవుగా ఉంటే దానికి నల్లటి ఫోమ్ గొట్టం తొడిగించండి, ప్లంబింగ్ షాపుల్లో దొరుకుతుంది. మన బోర్ల నీళ్లు గట్టి నీళ్లు, రెండేళ్లకొకసారైనా గీజరు విప్పించి ఎలిమెంట్ మీది సున్నం గీకించాలి. అప్పుడే లోపలి ఆనోడ్ రాడ్ కూడా చూడమనండి, అది అరిగిపోతే ట్యాంకు తుప్పు పడుతుంది.

ఇక గది. ఇక్కడ నా సొంత కథ చెప్పాలి.

మా సొంతూరు పలమనేరు పక్కనే, గంగవరం మండలం. మా తాత కట్టిన ఇల్లు మద్రాసు టెర్రస్ మిద్దె. కలప దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి, సున్నం, ఇటుక జెల్లీ (ఇటుక ముక్కలు) వేసి దిమ్మిస కొట్టి, పైన చదును పెంకులు పరిచేవారు. దాదాపు ముప్పావు అడుగు మందం. 2011లో దాన్ని పడగొట్టి నేనే దగ్గరుండి కాంక్రీటు ఇల్లు కట్టించాను. ఐదు అంగుళాల శ్లాబు, కింద ప్లాస్టరింగు, పైన సిమెంటు పూత, అంతే. మొదటి సంక్రాంతికే మా అమ్మ అంది, "పాతింట్లో ఇంత చలి లేదు కదరా" అని. వయసు వల్ల అనుకున్నాను. హీటరు కొనిచ్చాను. ఒక రాత్రి ఆ హీటరు పెట్టిన ప్లగ్గు కరిగి పొగ వచ్చింది. అమ్మ ఒక్కతే గదిలో ఉంది. ఆవిడకు మెలకువ వచ్చింది కాబట్టి ఏమీ కాలేదు. ఆ పొద్దున మిద్దె ఎక్కి, మంచు తడితో నల్లబడిన ఆ శ్లాబు మీద చెయ్యి పెట్టి చూశాను. గాలి కంటే శ్లాబే చల్లగా ఉంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు అర్థమైంది.

ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో శ్లాబు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు ఉంటే దుప్పటి కప్పినట్టు కొంత ఆగుతుంది. మార్గశిరం, పుష్య మాసాల్లో మబ్బులేని రాత్రులే చలి ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. కింద పడుకున్నవారికి గాలి చల్లగా లేకపోయినా, నెత్తి మీది చల్లటి శ్లాబు ఒంట్లోని వేడిని లాగుతున్నట్టుగా ఉంటుంది. పెద్దవాళ్లు "పైనుంచి చలి దిగుతోంది" అంటారే, ఆ మాట సరిగ్గా సరిపోతుంది.

మీ అమ్మానాన్నల గది పది అడుగులు, పన్నెండు అడుగులు అనుకుందాం. లోపల 20, బయట 12 డిగ్రీలు ఉంటే, ఏ పూతా లేని శ్లాబు గుండా సుమారు 300 వాట్ల వేడి నిరంతరం బయటికి పోతుంది. బయటి గోడలు రెండైతే, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలైనా, వాటి గుండా ఇంకో 300 వాట్లు. సందుల్లోంచి గాలి పట్టుకుపోయేది వేరు. అందుకే హీటరు వేసినంతసేపు బాగుంటుంది, ఆపిన ఇరవై నిమిషాలకు మళ్లీ మొదటికే వస్తుంది. గదిలోని గాలిని పది డిగ్రీలు పెంచడానికి నిజానికి యూనిట్‌లో ఎనిమిదో వంతు కూడా అక్కర్లేదు. మిగతాదంతా మీరు కాంక్రీటునూ ఇటుకనూ ఆకాశాన్నీ కాస్తున్నారు.

అదే శ్లాబు మీద రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక, పరిస్తే ఆ 300 వాట్లు 50 లోపుకు పడిపోతాయి. నిద్రలో ఉన్న మనిషి ఒంటి నుంచి 70, 80 వాట్ల వేడి వస్తుంది. ఇద్దరికి 150. అంటే పైకప్పు గుండా పోయేదానికంటే మనుషులు ఇచ్చేదే ఎక్కువ అవుతుంది. హీటరు వేసిన ఫలితం తెల్లవారేదాకా కొంతైనా నిలుస్తుంది. బీఈఈ 2018 డిసెంబరులో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నియమావళి, పైకప్పు గుండా పోయే వేడికి పెట్టిన హద్దు చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు. మన ఉత్త శ్లాబుకు అది 3.5 దగ్గర ఉంటుంది. దాదాపు మూడు రెట్లు.

పని ఎలా చేయించాలి అనేదానికి రెండు దారులున్నాయి. ఒకటి మిద్దె పైన. ముందు వాటర్‌ప్రూఫింగ్ పక్కాగా చేయించాలి. దాని మీద ఎక్స్‌పీఎస్ బోర్డులు సందు లేకుండా పరిచి, పైన పాలిథీన్ షీటు, ఆ పైన సన్న జాలీతో కాంక్రీటు, నీళ్ల వాలు సరిచూసి తెల్ల టైల్స్. ఇంకా చవకగా కావాలంటే మన పాత పద్ధతి ఉంది, చిన్న మట్టి కుండలు బోర్లించి, సందుల్లో ఇటుక జెల్లీ సున్నం నింపి, పైన సన్నగా కాంక్రీటు వేయడం. కుండలో బిగించిన గాలే అడ్డుగా పనిచేస్తుంది. బోర్డు అంత గట్టి అడ్డు కాదు, కానీ ఉత్త శ్లాబుకూ దానికీ పోలికే లేదు. కుండలకు మీరు ఎక్కడికో పోనక్కర్లేదు, పలమనేరు రోడ్డు పక్కన మట్టి పని చేసే కుటుంబాలు ఉన్నాయి. మా ఇంటికి నేను వేయించింది కుండలే. ఈ పని తెలిసిన బేల్దారిని వెతకడమే కష్టం. తెలియనివాడు కుండల మీద నడిచి పగలగొడతాడు.

రెండో దారి గది లోపల. శ్లాబు కింద జిప్సమ్ ఫాల్స్ సీలింగ్, దాని పైన రెండు అంగుళాల గ్లాస్‌వూల్ లేదా రాక్‌వూల్, అంటే గాజుతోనో రాతితోనో చేసిన దూది లాంటి పరుపు. ఒక్క గదికే చేయించవచ్చు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, వాన గొడవ లేదు. రోజుకు గంటన్నర మాత్రమే హీటరు వేసే మీలాంటి ఇంటికి చలి విషయంలో ఇదే త్వరగా పనిచేస్తుంది, ఎందుకంటే శ్లాబును వేడెక్కించే పని తప్పుతుంది. ఎండాకాలం కోసం మాత్రం మిద్దె పైన చేసేదే మేలు. ఎండ శ్లాబును తాకకముందే ఆగుతుంది, శ్లాబుకు పగుళ్లూ తగ్గుతాయి. మీ చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే ఈ చలికాలానికి అమ్మానాన్నల గదికి ఫాల్స్ సీలింగ్ చేయించండి, తర్వాత వీలున్నప్పుడు మార్చి లోపల మిద్దె పని పెట్టుకోండి. ఉత్త థర్మోకోల్ షీట్లు సీలింగుకు అతికించమని ఎవరైనా చెప్తే వద్దనండి. నిప్పు అంటుకుంటే కరిగి, మండే బొట్లుగా కారుతుంది, అది పడక గది.

మిద్దెకు తెల్ల రంగు వేస్తే చాలదా అని అడుగుతారు. తిరుపతిలో ఇల్లయితే మొదట అదే వేయించమంటాను. ఎండను తిప్పికొడుతుంది, ఖర్చు తక్కువ. కానీ తెల్ల రంగు చలికి ఏమీ చేయదు. రాత్రి ఆకాశంలోకి వేడి వదిలే విషయంలో తెల్ల శ్లాబూ బూడిద రంగు శ్లాబూ ఒకటే. పైగా పగటి ఎండలో శ్లాబు దాచుకునే కాస్త వేడీ దక్కదు.

సందుల పని ఈ ఆదివారమే చేయవచ్చు. రాత్రి గాలి వీస్తున్నప్పుడు ఫ్యాన్లు ఆపి, ఒక అగరొత్తి వెలిగించి తలుపు కింద, కిటికీ రెక్కల చుట్టూ, వెంటిలేటర్ దగ్గర పట్టుకుని చూడండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సందు ఉన్నట్టు. మూడు అడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉంటే 18 చదరపు అంగుళాలు. గోడకు అరిచెయ్యంత కన్నం పెట్టి రాత్రంతా వదిలేసినట్టే. తలుపు కిందికి రబ్బరు లేదా బ్రష్ పట్టీ, కిటికీ చట్రాలకు ఫోమ్ టేపు, చట్రానికీ గోడకూ మధ్య సిలికాన్. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలైతే పట్టాల్లోని సన్నటి ఉన్ని పట్టీ అరిగిపోయి ఉంటుంది, అది కొత్తది వేయించండి. పాత రకం సిమెంటు జాలీ వెంటిలేటర్లు ఉంటే చలికాలం నాలుగు నెలలూ లోపలి నుంచి పలక బిగించుకోవచ్చు. అయితే గదిలో ఒక చోట కొద్దిగా గాలి ఆడే దారి ఉండాలి. పూర్తిగా మూసేస్తే మనుషుల ఊపిరి తేమకే గోడల మూలలు బూజు పడతాయి, దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లకు అది చలికంటే చెడ్డది.

కిటికీ తెరలు మందపాటి నూలువి, కింద నేల దాకా వచ్చేవి వేయండి. మన దగ్గర డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం కూడా దక్షిణం వైపు వాలి, 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం కిటికీ ఉంటే ఎండ లోపలికి బాగా వస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా తెరలు తీసి ఎండ రానివ్వండి, సాయంత్రం ఐదు కాకముందే కిటికీలు మూసి తెరలు వేసేయండి. చీకటి పడ్డాక మూస్తే అప్పటికే నష్టం జరిగిపోతుంది. మంచం బయటి గోడకు ఆనించి ఉంటే ఒక అడుగైనా ఇవతలికి జరపండి. నేల గ్రానైట్ లేదా కడప రాయి అయితే మంచం పక్కన జంపఖానా పరచండి. రాత్రి లేచినప్పుడు ఆ చల్లటి రాతి మీద కాలు పెట్టడం పెద్దవాళ్లకు చాలా కష్టం.

ఇన్ని చేశాక కూడా వేడి కావాలి, ఒప్పుకుంటాను. అరవై దాటినవాళ్ల గది 18 డిగ్రీల కంటే దిగకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పిన హద్దు కూడా అదే. గదిలో ఒక చిన్న థర్మామీటరు పెట్టండి. 18 నుంచి 20 ఉంటే చాలు, 25 అక్కర్లేదు. ఇక ఏ హీటరు అన్న ప్రశ్న. ఆయిల్ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా, ఎర్రగా కాలే రాడ్డు హీటరైనా ఒక యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒక్కటే, 860 కిలో కేలరీలు. ఆయిల్ హీటరు కరెంటు ఆదా చేస్తుందన్న మాట నమ్మకండి. అది మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, చప్పుడు ఉండదు, అంతే తేడా. వేడిగాలి ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ మాత్రం నిజంగా వేరు. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలోంచి లాగి లోపలికి తెస్తుంది. పలమనేరు చలికి ఒక యూనిట్‌కు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఎలాగూ ఎండాకాలానికి ఏసీ కొనే ఆలోచన ఉంటే ఆ రకమే తీసుకోండి. చలి కోసం మాత్రమే అయితే వద్దు.

నన్నడిగితే గది కంటే ముందు మనిషికి వేడి ఇవ్వండి. పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటి 60 నుంచి 100 వాట్లు. పడుకునే ముందు అరగంట వేసి, నిద్రకు ముందు తగ్గించి రాత్రంతా ఉంచినా అర యూనిట్ దాటదు. మీ హీటరు పదిహేను నిమిషాల్లో అంత కాలుస్తుంది. హీటరును లేవగానే పావుగంటకూ, స్నానం చేసి వచ్చాక కాసేపటికీ పరిమితం చేయవచ్చు.

సోలార్ గురించి రెండు వేర్వేరు సంగతులు. కరెంటు తయారుచేసే ప్యానెళ్లకు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆ పైన 78 వేలు సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తుంది. మీరు ఏడాదిలో ఎక్కువ నెలలు 140 యూనిట్లతో 507 రూపాయల దగ్గరే ఉన్నారు. చవక శ్లాబుల్లోని యూనిట్లను ఆదా చేయడానికి మూడు కిలోవాట్లు పెట్టించడం మీ ఇంటికి సరిపోదు. తర్వాత ఏసీలు వస్తే అప్పుడు ఆలోచించండి. రెండోది సోలార్ వాటర్ హీటరు. ఏడాదంతా ఉడుకు నీళ్లు వాడే ఇంటికి నిశ్చింతగా పెట్టించమంటాను. మీ ఇంట్లో నాలుగైదు నెలలే వాడతారు కాబట్టి ఏడాదికి 400 యూనిట్ల చుట్టూ మిగులుతాయి. పెట్టుబడి వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. తుఫాను ముసురు పట్టే నవంబరు, డిసెంబరు రోజుల్లో గీజరు ఎలాగూ ఉండాలి. పెట్టిస్తే దక్షిణ ముఖంగా 25 డిగ్రీల వాలు, పైపులకు ఫోమ్, గట్టి నీటికి తగిన రకం చూసి పెట్టించండి. మిద్దె పని చేయించే ఆలోచన ఉంటే అది అయ్యాకే దాని స్టాండు బిగించాలి. లేకపోతే బోల్టుల దగ్గర వాటర్‌ప్రూఫింగ్ పోతుంది.

భద్రత విషయంలో బతిమాలి చెప్తున్నాను. చలి ఎక్కువైన రాత్రి ఎవరైనా బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుందాం అంటే ఒప్పుకోకండి. తలుపులు మూసిన గదిలో కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. సందులన్నీ మూసిన గదిలో ఇది ఇంకా ప్రమాదం. గ్యాస్ గీజరు బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు, అదే కారణం. బకెట్‌లో రాడ్డు హీటరు పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. రెండు వేల వాట్ల హీటరు 9 యాంపియర్లు లాగుతుంది. దాన్ని 16 యాంపియర్ల పవర్ ప్లగ్గులోనే పెట్టాలి, లోపల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు. మా అమ్మ గదిలో కరిగింది అటువంటి ప్లగ్గే, నేనే తెచ్చి పెట్టాను. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అది లేకపోతే ఈ జవాబులో రాసిన పనులన్నింటికంటే ముందు అదే చేయించండి.

నాన్నగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే వేడినీళ్ల బ్యాగు, ఎలక్ట్రిక్ దుప్పటి పాదాలకు నేరుగా తగలకుండా చూడండి. కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు, పొద్దున బొబ్బ చూశాకే తెలుస్తుంది. దుప్పటితో పక్కను ముందే వెచ్చబరిచి, ఆయన పడుకునే వేళకు స్విచ్ తీసేయమని వదినగారికి చెప్పండి. గది ఏ దిక్కున ఉంది, బయటి గోడలు ఎన్ని, పైన ట్యాంకు ఎన్ని లీటర్లది అన్నవి రాస్తే ఫాల్స్ సీలింగ్ సరిపోతుందా, మిద్దె పనే పెట్టుకోవాలా అన్నది ఇంకా కచ్చితంగా చెప్పగలను. ఈలోపు రేపటి నుంచే మోటారు పొద్దున ఐదింటికి వేయించండి. వారం రోజులు మీటరు రీడింగు ఒకే వేళకు రాసి పెట్టమనండి.